చెక్కలో చెక్కిన సువార్త: పులిదిండి సొలొమోను రాజు గారి చిత్రకళ, దాని ప్రేరణలు, పనితీరు – ఒక విమర్శనాత్మక పరిశీలన

మన సంఘాలలో ప్రసంగాన్ని విమర్శించేవారు ఉన్నారు. పాటను, పాట రాగాన్ని విమర్శించేవారు కూడా ఉన్నారు. బొమ్మను విమర్శించేవారు మాత్రం కనబడరు. దేవరకొండ డివిజన్‌లో ఏ గ్రామ ప్రార్థనా మందిరంలోకి వెళ్ళినా బల్ల వెనుక గోడమీద ఒక క్యాలెండరో, ఫ్రేము కట్టిన పటమో, ఈ మధ్యకాలంలోనైతే ఫ్లెక్సీయో ఉంటుంది. దానిలోని క్రీస్తు చాలా చోట్ల ఒక్కడే: అమెరికాలోని చికాగో నగరానికి చెందిన వార్నర్ సాల్‌మన్ అనే చిత్రకారుడు 1940లో తైలవర్ణాలతో వేసిన క్రీస్తు శిరస్సు, లేక దానిని చూచి వేసిన నకలు. లేత రంగు జుట్టు, నునుపైన ముఖం, మెత్తని వెలుగు. కోట్ల ప్రతులుగా అచ్చయి ప్రపంచమంతా తిరిగిన బొమ్మ అది. ప్రసంగంలో ఒక తప్పు బోధ దొర్లితే సంఘ పెద్దలు ఆరాధన ముగియగానే నిలదీస్తారు. గోడమీది బొమ్మ సంవత్సరం పొడుగునా బోధిస్తూనే ఉంటుంది. దానిని ఎవరు వేశారు, ఏ వేదాంతంతో వేశారు అని అడిగిన విశ్వాసిని ఈ వ్యాసకర్త తన పరిచర్యలో చూడలేదు.

కాబట్టి వేదాంత విద్యార్థులూ పాస్టర్లూ చదివే ఈ పత్రికలో ఒక చిత్రకారుని పనిని పరిశీలించడం అనవసరమని నేను అనుకోను. ఆ చిత్రకారుడు మన తెలుగువాడు, మనవలె అభిషేకం పొందిన పాస్టరు కూడా అయితే, పరిశీలించకపోవడమే లోపం.

పులిదిండి సొలొమోను రాజు గారు 1921లో జన్మించి 2019లో ప్రభువునందు నిద్రించారు. ఆయన ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘ పాస్టరు. మద్రాసు గురుకుల్ లూథరన్ వేదాంత కళాశాలలో బోధించారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఆ పరిశోధన చిత్రకళ మీద కాదు, ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో స్థాపించిన బైబిలు మిషను మీద. అది 1986లో ఆంగ్ల గ్రంథంగా వెలువడింది. తరువాత 2003లో కోస్తా ఆంధ్రలోని స్వదేశీ మిషనుల చరిత్రను కూడా ఆయన గ్రంథస్థం చేశారు. మన సెమినరీ గ్రంథాలయాలలో ఈ పుస్తకాలు దొరుకుతాయి, విద్యార్థులు తమ వ్యాసాలలో వాటిని ఉదహరిస్తారు. అదే చేతితో ఆయన చెక్కిన చెక్కబొమ్మలు, మైనంతో వేసిన బాతిక్ వస్త్రచిత్రాలు మాత్రం మనకంటే జర్మనీవారికి ఎక్కువ తెలుసు. విజయవాడలో తాను నెలకొల్పిన కళాకేంద్రానికి ఆయన సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమమని పేరు పెట్టారు. ఆ పేరులో ఉన్న లూకాను గూర్చి ముందుకు మాట్లాడుకుందాం.

చెక్క పని

ఉడ్‌కట్ అనే చెక్కచిత్రం ఎలా తయారవుతుందో తెలియకుండా సొలొమోను రాజు గారి వేదాంతం అర్థం కాదని నా అభిప్రాయం. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

చదునైన చెక్క పలకమీద మొదట బొమ్మ గీస్తారు. ఆ తరువాత చిన్న ఉలులతో, కత్తులతో చెక్కుతారు. ఇక్కడే మనం సాధారణంగా పొరబడతాం. చెక్కిన చోట గీత వస్తుందనుకుంటాం. అలా కాదు. చెక్కి తీసివేసిన భాగం కాగితం మీద తెల్లగా మిగులుతుంది. చెక్కకుండా విడిచిన భాగం ఎత్తుగా నిలిచి, రోలరుతో పూసిన సిరాను పట్టుకొని, నల్లగా అచ్చవుతుంది. ఒక నల్లని గీత కావాలంటే దానికి అటూ ఇటూ ఉన్న చెక్కనంతా తొలగించాలి. కుంచె పట్టినవాడు ఖాళీ కాగితానికి రంగు చేరుస్తూ పోతాడు. ఉలి పట్టినవాడు నిండు చీకటిలో నుండి తీసివేస్తూ పోతాడు. తీసింది మళ్ళీ అతికించడానికి వీలులేదు. యేసు కంటి దగ్గర ఉలి ఒక్క గింజంత జారితే ఆ పలక పోయినట్లే.

మరొక సంగతి. అచ్చు తీసినప్పుడు బొమ్మ అద్దంలోవలె తారుమారవుతుంది. దీవిస్తున్న కుడిచెయ్యి కాగితం మీద కుడిచెయ్యిగా రావాలంటే పలకమీద దానిని ఎడమచేతిగా చెక్కాలి. చిత్రకారుడు పని జరుగుతున్నంత సేపు బొమ్మను దాని వెనుక నుండి చూస్తున్నట్లే లెక్క. కాగితం ఎత్తి చూచిన క్షణంలోనే అతనికి కూడా అది మొదటిసారి సరిగా కనబడుతుంది.

ఈ పద్ధతి పాస్టరుకు తెలియనిది కాదు. వాక్యభాగం చేతికి వచ్చినప్పుడు మన దగ్గర చాలా సంగతులు ఉంటాయి: మూలభాష, చరిత్ర, వ్యాఖ్యానం, మనకు నచ్చిన ఉపమానాలు. ప్రసంగం సిద్ధపడేది వాటిని చేర్చుకుంటూ పోవడంలో కాదు, తీసివేయడంలోనే. సొలొమోను రాజు గారు లూకా సువార్తలోని విమోచనను అంశంగా తీసుకొని ‘లిబరేషన్ ఇన్ లూక్స్ గాస్పెల్’ అనే పేరుతో ఒక చెక్కచిత్రాల వరుస చేశారు. దానికి ఆయన ఉలినే ఎన్నుకోవడం అనుకోకుండా జరిగిందని నేను నమ్మను. లూకా కూడా తీసివేసే రచయితే. తప్పిపోయిన కుమారుని కథలో తల్లి ఊసు లేదు, ఇంటి వర్ణన లేదు, దూరదేశం పేరు లేదు. మిగిలినవి పందుల పొట్టు, పరుగెత్తే ముసలి తండ్రి, బయట నిలబడిన అన్న. అదొక చెక్కచిత్రమే.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. చెక్కచిత్రంలో యేసు నల్లగా ఉన్నాడు కాబట్టి ఆయనను దళితునిగా చూపారని ఒక్క వాక్యంలో తేల్చివేసే సెమినార్ పత్రాలు నేను చదివాను. నల్ల సిరాతో అచ్చు వేస్తే హేరోదు కూడా నల్లగానే ఉంటాడు. రంగును బట్టి కాదు, బొమ్మలో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి శరీరం ఎంత చోటు తీసుకుంది, ఎవరి చేతులు కనబడుతున్నాయి అన్నదాన్ని బట్టి ఆ మాట చెప్పాలి. ఆ కొలతతో చూచినా సొలొమోను రాజు గారు నిలబడతారు. ఆయన బొమ్మలలో యేసు చుట్టూ చేరేవారు మన పల్లె జనం, పేదలు, స్త్రీలు. వారు అలంకారానికి మూలన కూర్చున్నవారు కాదు, కథ వారిదే.

మైనం, రంగు, పగులు

బాతిక్ విధానం దీనికి దూరపు చుట్టం. తెల్లని వస్త్రం మీద కరిగించిన మైనంతో గీస్తారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. మొదట లేత రంగు తొట్టిలో ముంచుతారు. ఆ లేత రంగు ఎక్కడ నిలవాలో అక్కడ మళ్ళీ మైనం పూసి ఇంకొంచెం ముదురు రంగులో ముంచుతారు. ఇలా లేత నుండి ముదురుకు పోతారు. చివరకు వేడి ఇస్త్రీతోనో మరిగే నీటితోనో మైనమంతా తీసివేస్తే అడుగున దాగినవన్నీ ఒక్కసారి బయటపడతాయి. మధ్యలో గుడ్డ మడతపడితే మైనం పగులుతుంది, ఆ పగుళ్ళలోకి రంగు పాకి సన్నని నరాలవంటి గీతలు వస్తాయి. తేనెమైనం మెత్తన కాబట్టి తక్కువ పగులుతుంది, పారఫిన్ ఎక్కువ పగులుతుంది. రెండింటినీ కలిపే పాళ్ళను బట్టి పగుళ్ళను కొంతవరకు అదుపులో పెట్టవచ్చు, పూర్తిగా కాదు.

బాతిక్ అనగానే జావా ద్వీపం గుర్తుకు వస్తుంది. అయితే మైనంతో రంగును ఆపడం మన తీరానికి కొత్త కాదు. పూర్వపు కలంకారీలో నీలిమందులో ముంచే ముందు నీలం అంటకూడని భాగాలను మైనంతో కప్పేవారు. విజయవాడకు మచిలీపట్నం ఎంతో దూరం లేదు. ఈయన పరాయి కళను అరువు తెచ్చుకున్నారనేవారు ఈ సంగతి గమనించాలి.

1993లో వచ్చిన ఆయన బాతిక్ చిత్రాల పుస్తకం పేరు ‘లివింగ్ ఫ్లేమ్ అండ్ స్ప్రింగింగ్ ఫౌంటెన్’. జీవజ్వాల, ఉబికే ఊట అని దాని భావం. నిప్పు, నీరు, చెట్టు, వెలుగు వంటి గుర్తులు బాతిక్‌లో బాగా పలుకుతాయి, ఎందుకంటే రంగు రంగులోకి కరుగుతుంది. చెక్కలో అటువంటి కరగడం లేదు, ఉన్నది అంచు మాత్రమే. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేశాడు గనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం న్యాయం. నా మట్టుకు నాకు చెక్కచిత్రాలే ఎక్కువ నిజంగా కనబడతాయి. బాతిక్‌లు కంటికి ఇంపుగా ఉన్నాయి. ఆ ఇంపే ఒక్కొక్కసారి అడ్డు వస్తుంది.

ప్రేరణలు ఎక్కడివి?

మొదటి ప్రేరణ లూకా. వైద్యుడైన లూకా చిత్రకారుడు కూడా అని, మరియ రూపాన్ని చిత్రించాడని ప్రాచీన సంఘంలో ఒక సంప్రదాయం ఉంది. దానికి లేఖనాధారం లేదు. అయినా మధ్యయుగపు ఐరోపాలో చిత్రకారుల సంఘాలు లూకా పేరే పెట్టుకున్నాయి. సొలొమోను రాజు గారి ఆశ్రమం పేరు ఆ వరుసలోనిదే. కాని ఆయనను పట్టుకున్న లూకా మరియను చిత్రించిన లూకా కాడు, మరియ పాటను వ్రాసి పెట్టిన లూకా. బలవంతులను గద్దెల నుండి దింపే ఆ పాట (1:46-55), నజరేతు సమాజమందిరంలో యేసు చదివిన యెషయా భాగం (4:18), పోయిన నాణెం వెదికే స్త్రీ (15:8), గుమ్మంలో పడియున్న లాజరు (16:20) వంటివి లూకాలో మాత్రమే ఉన్నాయి, లేక లూకాలోనే ఆ రూపంలో ఉన్నాయి.

రెండవది, బైబిలు మిషను మీద ఆయన చేసిన పరిశోధన. దర్శనాలు, స్వప్నాలు, పాటలు, స్వస్థత ఇవే ఊపిరిగా గల సంఘాన్ని ఒక లూథరన్ పండితుడు ఎగతాళి చేయకుండా సంవత్సరాల తరబడి అధ్యయనం చేశాడు. మన ప్రజలు సిద్ధాంతం కంటే ముందు కంటితో, చెవితో నమ్ముతారని అక్కడ ఆయన చూచి ఉండాలి. పుస్తకంలో వాదనగా ఉన్నది చెక్కలో బొమ్మగా మారిందనడం నా ఊహే గాని, రెండింటినీ చదివినవారికి అది దూరపు ఊహగా తోచదు.

మూడవది చెక్కచిత్రాల చరిత్ర. 1522లో లూథరు జర్మన్ క్రొత్త నిబంధన వెలువడినప్పుడు ప్రకటన గ్రంథానికి క్రానాక్ శాలలో చేసిన చెక్కచిత్రాలు జతపరిచారు. చదువురానివాడు కూడా పేజీ తిప్పాడు. నాలుగు వందల సంవత్సరాల తరువాత అదే దేశంలో కేథే కోల్విట్జ్ అనే స్త్రీ, 1914లో యుద్ధంలో కొడుకును పోగొట్టుకొని, 1920ల ఆరంభంలో యుద్ధం మీద చెక్కచిత్రాలు చేసింది. ఆ తల్లుల ముఖాలలో తెలుపు చాలా కొద్దిగా ఉంటుంది. మన దేశంలో నందలాల్ బోసు 1930లో దండియాత్ర చేస్తున్న గాంధీని లినోలియం మీద చెక్కారు. కర్ర, పంచె, అడుగు, ఇంతే. ఒక్క పలక నుండి ఎన్నో ప్రతులు వస్తాయి. ధనికుని గోడకు వ్రేలాడే ఒంటరి చిత్రం కాదు అది, పంచిపెట్టే కరపత్రం వంటిది. పాస్టరైన చిత్రకారునికి ఈ సాధనం చేతికి దొరకడం సహజమే.

ముందటి తరంతో పోల్చితే ఇంకా స్పష్టమవుతుంది. గోవాకు చెందిన ఏంజెలో ద ఫోన్సెకా (1902-1967) మరియకు చీర కట్టినందుకు స్వజనుల చేత నిందలు పడ్డాడు. ఆల్‌ఫ్రెడ్ థామస్ వేసిన క్రీస్తు జీవిత చిత్రాలు 1948లో లండనులో పుస్తకంగా వచ్చాయి. వీరిద్దరూ ధైర్యవంతులు, నిస్సందేహంగా. అయితే భారతీయత అంటే వారికి తట్టినది సన్నని వేళ్ళు, అరమోడ్పు కన్నులు, రాజస్థానపు సొగసు. ఆ భారతదేశంలో మన చందంపేట తండా లేదు. సొలొమోను రాజు గారి ఉలి ఆ సొగసును దాటింది. 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతాన్ని గూర్చి మాట్లాడిన తరువాత పుస్తకాలు చాలా వచ్చాయి. కంటికి కనబడే దళిత వేదాంతం మాత్రం కొద్దిమందే చేశారు.

నాకున్న అభ్యంతరాలు

గౌరవం చెప్పుకున్నాం, ఇక అభ్యంతరాలు.

ఒకటి, ఆశ్రమమనే మాట, పద్మంవంటి గుర్తులు. ఇవి ఎవరివి? మన తెలంగాణ మెట్టప్రాంతంలో మాదిగవాడలోని విశ్వాసికి ఆశ్రమం తన ముత్తాతలు అడుగుపెట్టలేని చోటు. అతనికి బొమ్మతో చెప్పే కథ కొత్తది కాదు. జాంబపురాణాన్ని పటం విప్పి చెప్పే డక్కలివారు అతని వాకిటికే వచ్చేవారు. చేర్యాల నకాషీలు వేసిన అటువంటి పటాలలో ఒక్కొక్క కులానికి తన పుట్టుక కథ తన రంగులతో ఉండేది. లంబాడా అక్కచెల్లెళ్ళ అద్దాల కుట్టుపని మరొక బడి. స్వదేశీ రూపం వెదికేవారు పద్మం దగ్గర ఆగకుండా పటం దాకా రావాలి. సొలొమోను రాజు గారు చెక్కలో వాడకు దగ్గరైనంతగా బాతిక్‌లో కాలేదని నేననేది ఇందుకే.

రెండు, చిత్రం పక్కన ధ్యానమో కవితో పెట్టడం ఆయన అలవాటు. పాస్టరు కదా, మాట చెప్పకుండా ఉండలేరు. నాకూ ఆ జబ్బు ఉంది. కాని చూపరి బొమ్మ ముందు తడుముకోవలసిన క్షణంలో మాట వచ్చి చెయ్యి పట్టుకొని జవాబు దగ్గరకు తీసుకుపోతే బొమ్మకు పని తగ్గిపోతుంది.

మూడవది ఆయన తప్పు కాదు, మనది. ఎన్నో ప్రతులు తీయగల సాధనంతో చేసిన పని ఐరోపా ప్రదర్శనశాలలకు చేరింది, నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రామసంఘాలకు చేరలేదు.

రెండవ ఆజ్ఞ సంగతి

మనలో చాలామంది బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ వారసత్వం గలవారం. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో దేవరకొండలో మిషను స్టేషను పెట్టిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు గోడలను ఖాళీగా ఉంచినవారు. విగ్రహాల మధ్య నుండి వచ్చిన ప్రజలకు ఆ ఖాళీ గోడ ఒక విడుదల. నిర్గమకాండము 20:4 మనకు గ్రంథంలోని వచనం మాత్రమే కాదు, ఇంటి గుమ్మంలోని తగాదా. క్రీస్తు పటానికి దండ వేసి, అగరువత్తి వెలిగించి, బొట్టు పెట్టిన ఇళ్ళకు వెళ్ళి మాట్లాడవలసి వచ్చిన పాస్టర్లు ఈ పత్రిక పాఠకులలో ఎందరో ఉన్నారు. ఈ ప్రమాదాన్ని తేలికగా తీసుకునే కళావాదులతో నేను ఏకీభవించను. అదే నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు ఆత్మతో నింపబడి చెక్కడపు పని నేర్చాడని గుర్తుచేస్తే చాలదు. బెసలేలు పనిని ఎవరూ ఇంటికి తీసుకుపోయి దండ వేయలేదు.

అయితే మన పితరుల ఆచరణ మనం అనుకున్నంత సూటిగా లేదు. అనబాప్తిస్టుల హతసాక్షుల గ్రంథమైన ‘మార్టిర్స్ మిర్రర్’ రెండవ ముద్రణకు 1685లో జాన్ లైకెన్ అనే డచ్చి మెన్నోనైట్ విశ్వాసి 104 రాగిరేకు చిత్రాలు చేశాడు. వాటిలో ఒకటి అందరికీ తెలిసినది. 1569లో తనను తరుముతున్నవాడు మంచు పగిలి నీటిలో పడితే వెనుదిరిగి చేయి అందించిన డిర్క్ విల్లెమ్స్ చిత్రం. చేయి అందించినందుకే అతడు పట్టుబడి కాల్చబడ్డాడు. ఆ చిత్రానికి దండ వేయాలని ఎవరికీ తోచదు. అది పూజ అడగదు, నీవైతే ఏం చేస్తావని అడుగుతుంది.

ఇక్కడే సొలొమోను రాజు గారి మొరటు గీతకు నేను విలువ ఇస్తాను. సాల్‌మన్ క్రీస్తు ఒంటరిగా ఉంటాడు. చుట్టూ ఎవరూ లేరు, కథ లేదు, మెత్తని వెలుగు మాత్రమే ఉంది. అటువంటి ముఖం పటంగా మారి పూజగదికి చేరడం సులువు. చెక్కచిత్రంలో యేసు ఒక పని మధ్యలో, మనుషుల మధ్యలో ఉంటాడు, గీతలు గరుకుగా ఉంటాయి, చూపు ముఖం మీద నిలవకుండా ఆయన ఏం చేస్తున్నాడో అటు జారుతుంది. బొమ్మ నునుపు తగ్గినకొద్దీ విగ్రహమయ్యే అవకాశం కూడా తగ్గుతుంది. రెండవ ఆజ్ఞ భయంతో ఖాళీ గోడను కోరినవారే, తెలియకుండా, అన్నిటికంటే విగ్రహానికి దగ్గరైన బొమ్మను గోడకెక్కనిచ్చారు.

మన పలక మీద ఏమి చెక్కాలి?

దేవరకొండ పరిసర సంఘాలలో బొమ్మ వేయగల యువకులు ఉన్నారు. వారి చేత మనం క్రిస్మస్‌కు నక్షత్రం, కూటాలకు ఫ్లెక్సీ డిజైను చేయిస్తున్నాం. వారికి సొలొమోను రాజు గారి శైలిని నకలు చేయమని ఇవ్వకూడదు. ఆయన పద్ధతిని ఇవ్వాలి: ఒక సువార్తను పట్టుకొని ఏళ్ళ తరబడి దానితో ఉండడం, చేతికి అందే సామగ్రితో పని చేయడం, ప్రతులు తీసి పంచడం.

ఒక్క వాక్యభాగం సూచిస్తాను. లూకా 13:10-17, పద్దెనిమిది ఏళ్ళుగా నడుము వంగిపోయిన స్త్రీ. ఈ భాగాన్ని మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి ప్రాంతాలలో ప్రసంగించడం వేరే ఎక్కడా ప్రసంగించడం వంటిది కాదు. దశాబ్దాల పాటు బోరునీటిలోని ఫ్లోరైడు మన ప్రజల ఎముకలను వంచింది. నీటి నుండి దానిని తీసే విధానానికే శాస్త్రజ్ఞులు నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరు పెట్టారు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణానీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. వంగిన నడుములు మాత్రం అలాగే ఉన్నాయి, ఆ స్త్రీలు ఇప్పటికీ ఆదివారం మందిరంలో ముందు వరుసలో చాప మీద కూర్చుంటున్నారు.

ఆమె స్వస్థత అడగలేదు. యేసే చూచి పిలిచాడు. వంగినవారికి కనబడేది నేల, ఎదుటివారి పాదాలు. కాబట్టి ఆమె చూచిన యేసు మొదట ముఖం కాదు, పాదాలే. చిత్రకారుడు ఆ ఎత్తు నుండి గీస్తే ముఖం బొమ్మలోకి రాకపోవచ్చు, అప్పుడు దండ వేయడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇక చెక్క పలక మీద చేసే నిర్ణయం వెనక్కి తీసుకోలేనిది. ఆమె వీపు గీతను వంగినట్లే చెక్కి యేసు పిలిచిన క్షణాన్ని చూపాలా, నిటారుగా చెక్కి స్వస్థతను చూపాలా? రెండవదే సువార్త అని వెంటనే అంటాం. ముందు వరుసలో చాప మీద కూర్చున్న అవ్వ ఆ ప్రతిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమెకు ఏది చూపాలన్నది ఉలి పట్టుకున్నవాడు, అతనికి వాక్యం బోధించే పాస్టరు ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.